హైదరాబాద్ నుంచి జెద్దా: ఆరు గంటల ఫాస్లా, నాలుగు వందల ఏళ్ళ ఇంతెజార్

శంషాబాద్ విమానాశ్రయం నుంచి జెద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని విమానమైతే పోవడానికి ఐదున్నర నుంచి ఆరు గంటలు, రావడానికి దాదాపు ఐదు గంటలు. గడియారంలో మనకూ వాళ్ళకూ రెండున్నర గంటల తేడా. ఉమ్రాకు పోయేవాళ్ళు, కొడుకు దగ్గరికి పోయేవాళ్ళు, పనికి పోయేవాళ్ళు ఈ లెక్కలన్నీ నోటికి చెబుతారు.

మా ఇంట్లో మాత్రం ఇంకో లెక్క ఉంది. 1961లో మా దాదా బొంబాయిలో ఓడ ఎక్కి హజ్‌కు వెళ్ళారు. జెద్దా చేరడానికి 12 రోజులు పట్టింది. 1987లో అదే దాదా ఇంతెకాల్ అయినప్పుడు మా అబ్బా జెద్దాలో పనిచేస్తున్నారు. ఖబర్ అందిన దగ్గర్నుంచి ఇంటి గడప తొక్కడానికి ఆయనకు 13 రోజులు పట్టింది. జనాజా అయిపోయింది, మూడో రోజు జియారత్ అయిపోయింది, దస్వాఁ కూడా అయిపోయింది. "కొడుకునై ఉండి మట్టి ఇవ్వలేకపోయాను" అని అబ్బా ఇప్పటికీ అంటారు.

ఓడలో పోయిన తండ్రికి 12 రోజులు, విమానంలో వచ్చిన కొడుకుకు 13 రోజులు. ఇదేం హిసాబ్? చిన్నప్పటి నుంచీ ఈ సవాల్ నా వెంట ఉంది. జవాబు కోసం తారీఖ్ పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి అర్థమైంది. మన వైపు నుంచి జెద్దాకు ఉన్న దూరాన్ని సముద్రం ఒక్కటే నిర్ణయించలేదు. ప్రతి జమానాలో ఎవరిదో ఒకరి ఇజాజత్ కోసం ఆగాల్సి వచ్చింది. ప్రయాణం కన్నా ఆ ఆగడమే పెద్దది.

మొదటి ఇజాజత్ గాలిది

పటం మీద చూస్తే దారి తేలిగ్గానే కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి జెద్దా పడమరకు, కాస్త ఉత్తరం వైపుకు ఉంటుంది. మన ఇళ్ళలో జానమాజ్ ఏ దిక్కుకు పరుస్తామో ఇంచుమించు అదే దిక్కు. దక్కన్ పీఠభూమి దాటితే అరేబియా సముద్రం, అది దాటితే అరేబియా ద్వీపకల్పం, దాని పడమటి అంచున జెద్దా.

తెరచాప ఓడలకు అలా సూటిగా పోవడం కుదరదు. గాలి ఎటు వీస్తే అటే. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి ఓడలను మన తీరం నుంచి అరబ్ దేశాల వైపు నెట్టేది. తిరిగి రావాలంటే నైరుతి గాలి కావాలి. అది మంచి ఊపు మీదున్నప్పుడు సముద్రం మీదికి పోవడమే ఖతర్నాక్, కాబట్టి ఆ జోరు తగ్గే ఆగస్టు, సెప్టెంబర్ దాకా ఆగాలి. అరబ్బీలో రుతువును మౌసిమ్ అంటారు. ఇంగ్లీషువాళ్ళు మాన్సూన్ అనేది ఆ మాటనే.

ఎర్ర సముద్రంలో ఇంకో చిక్కు ఉండేది. దాని పై సగంలో ఏడాది పొడవునా గాలి ఉత్తరం నుంచే వీస్తుంది. హిందూస్తాన్ నుంచి వచ్చిన ఓడలకు జెద్దా దాటి పైకి పోవడం చాలా కష్టం. అందుకే సరుకంతా అక్కడ దించేవారు. జెద్దా అంత పెద్ద బందరు కావడానికి మక్కా దగ్గరగా ఉండడం ఒక కారణమైతే, ఈ గాలి ఇంకో కారణం.

ఇక్కడ మన హాజీల అసలు ముష్కిల్ చూడండి. గాలి సూర్యుడి లెక్కన వస్తుంది, ఏటా అవే నెలల్లో. హజ్ చంద్రుడి లెక్కన వస్తుంది, ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు 33 ఏళ్ళకు గానీ మళ్ళీ అదే రుతువుకు రాదు. ఈ రెండూ కలిసొచ్చిన ఏళ్ళలో హాజీ త్వరగా ఇల్లు చేరేవాడు. కలవని ఏళ్ళలో ముందే వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉండాలి, లేదా హజ్ ముగిశాక గాలి మళ్ళేదాకా ఆగాలి. అందుకే ఆ కాలంలో హజ్‌కు పోయేవాళ్ళు అప్పులు తీర్చి, వసీయత్ రాసి, ఊరందరి దగ్గరా మాఫీ అడుక్కుని, కఫన్ గుడ్డ వెంట పెట్టుకుని బయల్దేరేవారు. తిరిగొస్తామన్న భరోసా లేని సఫర్ అది.

హజ్ ఓడలు అనగానే అందరికీ సూరత్ గుర్తొస్తుంది. మొగలుల కాలంలో దానికి బాబె మక్కా, అంటే మక్కా ద్వారం, అనే పేరు ఉండేది. కానీ మన తెలుగు నేలకూ ఒక దర్వాజా ఉండేది. అది మచిలీపట్నం. 16వ శతాబ్దం చివరికల్లా కుతుబ్ షాహీల బందరు నుంచి ఎర్ర సముద్రానికి ఓడలు నడిచాయి. వాటిలో కోస్తా మగ్గాల బట్టలు, బియ్యం, వాటితోపాటు హాజీలు. సూరత్ ఓడ సూటిగా పడమరకు పోతే, బందరు ఓడ ముందు దక్షిణానికి దిగి, ద్వీపకల్పం చుట్టూ తిరిగి అరేబియా సముద్రంలోకి రావాలి. గోల్కొండ హాజీకి అంత దూరం ఎక్కువ.

రెండో ఇజాజత్ ఫిరంగీలది

గాలి అనుకూలిస్తే చాలదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు సముద్రం మాది అన్నారు. వాళ్ళిచ్చే కార్తాజ్ అనే పర్వానా లేకుండా కనిపించిన ఓడను పట్టుకునేవారు. హజ్‌కు పోయే ఓడకూ అదే ఖాయిదా. ఆ పర్వానా మీద ఈసా, మరియమ్‌ల బొమ్మలు ఉండేవి. అలాంటి కాగితం పట్టుకుని హజ్‌కు పోవడం జాయెజేనా అని అక్బర్ కాలంలో ఉలమాల మధ్య బహస్ నడిచింది.

పేదవాళ్ళ సంగతి సరే, బాద్‌షా ఇంటివాళ్ళకే దారి దొరకలేదు. బాబర్ కూతురు, అక్బర్ మేనత్త గుల్‌బదన్ బేగం 1575లో ఫతేపూర్ సిక్రీ నుంచి శాహీ ఖాందాన్ స్త్రీలతో కలిసి హజ్‌కు బయల్దేరారు. సూరత్ చేరాక పోర్చుగీసు పర్వానా కోసం దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చింది. 1576లో ఓడ కదిలింది. మూడేళ్ళకు పైగా హిజాజ్‌లో ఉండి తిరిగొస్తుంటే ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిని నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. ఫతేపూర్ సిక్రీకి తిరిగి వచ్చింది 1582లో. ఈ ఏడేళ్ళలో ఆమె సముద్రం మీద గడిపింది కొన్ని నెలలే. మిగతాది ఇబాదత్‌లో కొంత, ఇంతెజార్‌లో కొంత గడిచింది.

పర్వానా ఉన్నా అమాన్ లేదు. జహంగీర్ తల్లి మరియం జమానీకి చెందిన రహీమీ ఓడను 1613లో పోర్చుగీసులు పట్టుకుపోయారు. 1695లో ఔరంగజేబుకు చెందిన గంజె సవాయి హాజీలతో సూరత్‌కు తిరిగొస్తుంటే హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు సముద్రపు దొంగ దాన్ని దోచుకున్నాడు. ఓడలోని ఆడవాళ్ళ మీద జరిగిన జుల్మ్ తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మూడో ఇజాజత్ సర్కారుది

ఆవిరి ఓడలు వచ్చాక గాలి పెత్తనం పోయింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఎర్ర సముద్రంలో ఆవిరి ఓడల రాకపోకలు బాగా పెరిగాయి. బొంబాయి నుంచి జెద్దాకు సుమారు 2,300 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 4,260 కిలోమీటర్లు. గంటకు 10 నాటికల్ మైళ్ళు నడిచే ఓడకు తొమ్మిదిన్నర రోజుల పని. నెలల సఫర్ రోజుల్లోకి వచ్చింది. గరీబులు కూడా హజ్ నియ్యత్ చేసే హిమ్మత్ కలిగింది.

అయితే డబ్బుకు ఆశపడ్డ ఓడలవాళ్ళు మనుషులను సరుకులా నింపారు. 1880లో సింగపూర్ వైపు నుంచి 900 మందికి పైగా హాజీలతో వస్తున్న ఓడ ఒకటి, దాని పేరు కూడా జెద్దానే, తుఫానులో నీళ్ళు పట్టింది. కెప్టెనూ అతని తెల్ల అధికారులూ హాజీలను వదిలేసి పడవలో పారిపోయారు. ఓడ మునిగిపోయిందని ఏడెన్‌లో చెప్పుకున్నారు. మర్నాడే ఆ ఓడను ఇంకో ఓడ లాక్కుంటూ ఏడెన్ చేర్చింది. హాజీలు నీళ్ళు తోడుకుంటూ ప్రాణాలు నిలుపుకున్నారు! జోసెఫ్ కాన్రాడ్ రాసిన లార్డ్ జిమ్ నవలకు మూలం ఈ వాఖియానే.

ఇటు బీమారీల భయం మొదలైంది. 1865లో మక్కాలో కలరా చెలరేగి యూరప్ దాకా పాకింది. దాంతో హాజీల మీద పహరా పెరిగింది. 1882 నుంచి ఉస్మానీ సర్కారు యెమెన్ తీరం దగ్గరి కమరాన్ దీవిలో క్వారంటీన్ పెట్టింది. దక్షిణం నుంచి వచ్చే హజ్ ఓడ అక్కడ ఆగాలి, హాజీలు దిగాలి, బట్టలు ఆవిరిలో పెట్టాలి, రోజుల తరబడి ఉండాలి, ఆ ఖర్చు కూడా తామే కట్టాలి. ఓడ వేగంతో మిగిలిన రోజులను కమరాన్ తినేసింది.

బొంబాయిలో దళారుల లూటీ మీద ఫిర్యాదులు పెరిగాక 1886లో బ్రిటిష్ ఇండియా సర్కారు హాజీల ప్రయాణం బాధ్యతను థామస్ కుక్ కంపెనీకి అప్పగించింది. కొన్నేళ్ళకే ఆ కంపెనీ తప్పుకుంది. డబ్బు అయిపోయి జెద్దాలో చిక్కుకున్న గరీబు హాజీలను ఎవరు తిరిగి తేవాలన్న పంచాయితీ మాత్రం దశాబ్దాలు నడిచింది. చివరికి 1920ల్లో తిరుగు టికెట్ అయినా ఉండాలి, డబ్బు డిపాజిట్ అయినా కట్టాలి అనే ఖానూన్ వచ్చింది.

ఈ కాలంలో మనవాళ్ళకు ఒక ఆసరా ఉండేది. హైదరాబాద్ రియాసత్ పాలకులు మక్కా, మదీనాల్లో రుబాత్‌లు ఏర్పాటు చేశారు, తమ రియాసత్ హాజీలు కిరాయి లేకుండా ఉండడానికి. రియాసత్ పోయి 75 ఏళ్ళు దాటినా, పాత నిజాం ఇలాఖా హాజీలకు మక్కాలో ఆ రుబాత్ వల్ల ముఫ్త్‌గా బస దొరుకుతూనే ఉంది. నేల మీద పోయిన సరిహద్దులు అక్కడ ఇంకా బతికి ఉన్నాయి.

దాదా సఫర్

1961 నాటికి మా దాదా నల్లగొండ దగ్గర చిన్న సేద్యగాడు. రెండెకరాలు అమ్మి హజ్‌కు పోయారు. రైల్లో బొంబాయి చేరి, అక్కడి సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో బస చేశారు. టీకాలు, కాగితాలు, ఓడ వంతు. అక్కడే 9 రోజులు అయ్యాయట. మొగల్ లైన్ ఓడలో డెక్ మీద జాగా దొరికింది. మధ్యలో ఆగడంతో కలిపి 12 రోజులు. యలమ్లమ్ ఎదురుగా వస్తుందనగా ఓడ కూత వేసిందట. అందరూ ఎహ్రామ్ కట్టి ఒక్కసారి లబ్బైక్ అంటే ఇనప ఓడ అదిరిందని చెప్పేవారు.

ఆయన తెచ్చిన జమ్‌జమ్ ఎప్పుడో అయిపోయింది. ఖజూర్ గింజలతో చేసిన తస్బీ పోయింది. ఒక్క పది రూపాయల నోటు మాత్రం మిగిలింది. 1959లో రిజర్వ్ బ్యాంకు హాజీల కోసమే పది, వంద రూపాయల నోట్లు విడిగా అచ్చు వేసింది. నెంబరు ముందు హెచ్‌ఏ అని ఉంటుంది. మన దేశంలో అవి చెల్లవు, సౌదీలో మార్చుకోవాలి. రూపాయల చాటున బంగారం దొంగతనంగా రాకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. దాదా ఎందుకో ఒకటి మార్చకుండా తెచ్చుకున్నారు. ఖురాన్ షరీఫ్ జుజ్‌దాన్‌లో పెట్టుకున్నారు.

ఓడ హజ్ 1995తో ఆగిపోయింది. అంతకు చాలా ముందే విమానాలు నడుస్తున్నా, మొదట్లో ఆ టికెట్ ఉన్నవాళ్ళకే అందేది.

ఇంతెజార్ కోసం కట్టిన ఇమారత్

విమానాలు పెరిగాక జెద్దాలో కొత్త విమానాశ్రయం కట్టారు. 1981లో అది తెరుచుకుంది. దానిలోని హజ్ టెర్మినల్ చూసినవాళ్ళు ఆ తెల్లని డేరాలను మర్చిపోరు. మొత్తం 210 డేరాలు, గాజు పీచుతో నేసి పైన టెఫ్లాన్ పూసిన గుడ్డ. చుట్టూ గోడలు ఉండవు. ఎండను ఆపుతూ గాలిని ఆడనిచ్చే ఏర్పాటు. దాన్ని నిలబెట్టిన ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. చికాగోలో సియర్స్ టవర్‌ను నిలబెట్టిన మహా ఇంజినీరు కూడా ఆయనే. 1982లో, 52 ఏళ్ళ వయసులో, జెద్దాలోనే ఇంతెకాల్ అయ్యారు. ఆయన మయ్యత్‌ను చికాగో తీసుకెళ్ళి దఫన్ చేశారు.

నాకు ఆ డేరాల్లో ఒక నిజం కనిపిస్తుంది. గంటల్లో వచ్చే విమానాల కోసం కట్టిన టెర్మినల్‌లో అంత పెద్ద నీడ ఎందుకు? హాజీలు అక్కడ గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుందని కట్టినవాళ్ళకు తెలుసు కాబట్టి. కాగితాలు చూడాలి, సామాను రావాలి, బస్సు రావాలి. వేగంగా ఎగిరే జమానాలో కూడా హజ్ టెర్మినల్ అంటే ముందు ఒక ఇంతెజార్‌గాహ్.

అబ్బా 13 రోజులు

1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్‌లో పనులు మొదలయ్యాయి. పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కడప, రాయచోటి నుంచి మనవాళ్ళు బయల్దేరారు. మా అబ్బా కూడా వెళ్ళారు. అప్పటిదాకా మన ఇళ్ళలో జెద్దా అంటే హజ్. అక్కడి నుంచి జెద్దా అంటే డ్రాఫ్టు, క్యాసెట్‌లో రికార్డు చేసి పంపే గొంతు, రెండేళ్ళకోసారి సెలవు.

దాదా పోయిన రోజు సాయంత్రం టెలిగ్రామ్ ఇచ్చారు. మర్నాటికి అబ్బాకు అందింది. ఆయన పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంది. కఫీల్ ఊళ్ళో లేడు. దేశం దాటాలంటే ఖురూజ్ పడాలి, తిరిగి రావాలంటే ఔదా పడాలి. కఫీల్ సంతకం లేకుండా ఏ ఆఫీసూ వాటిని వేయదు. కఫీల్ వచ్చేసరికి ఆరు రోజులు. ముద్ర పడేసరికి ఇంకో మూడు. ఆ తర్వాత బొంబాయి టికెట్ దొరకడం, అక్కడి నుంచి రైలు, బస్సు. విమానంలో ఉన్నది మాత్రం కొన్ని గంటలే.

వచ్చాక అబ్బా ఖబరస్తాన్‌కు వెళ్ళారు. నన్నూ వెంట తీసుకెళ్ళారు. మట్టి అప్పటికే ఆరిపోయి ఉంది. ఒక పిడికెడు తీసి మళ్ళీ దాని మీదే వేశారు.

ఆ ఖాయిదా 2021 మార్చి దాకా అలాగే నడిచింది. అప్పుడు తెచ్చిన మార్పులతో ప్రైవేటు కంపెనీల పనివాళ్ళు యజమాని ఒప్పుకోకపోయినా బయటికి పోయి రావడానికి దారి ఏర్పడింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను, డ్రైవర్లను అందులో చేర్చలేదు. మన ఇళ్ళ నుంచి పోయేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు జెద్దా ఇంకా మునుపటంత దూరంలోనే ఉంది.

ఇప్పటి లెక్క

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. 2023లో మొదటిసారి గన్నవరం నుంచి కూడా హజ్ విమానాలు ఎగిరాయి. దారి దగ్గరైంది. కానీ హిందూస్తాన్ మొత్తానికి 2024లో ఇచ్చిన కోటా 1,75,025. అడిగేవాళ్ళు ఎక్కువ, సీట్లు తక్కువ. అందుకే ఖురా తీస్తారు. ఈ కాలానికి మౌసిమ్ అదే.

అమ్మీకి హజ్ తమన్నా చాలా ఏళ్ళది. దర్ఖాస్తు పెట్టిన మూడోసారి 2020 ఖురాలో అబ్బాదీ ఆమెదీ పేర్లు వచ్చాయి. ఆ ఏడు కరోనా వల్ల బయటి దేశాల హాజీలను రానివ్వలేదు. 2021లో కూడా అంతే. 2022లో 65 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇజాజత్ లేదు, ఇద్దరూ అది దాటారు. 2023లో వెళ్ళారు. నాంపల్లి హజ్ హౌస్ దగ్గర బస్సు ఎక్కిస్తూ మేమందరం ఏడ్చాం. పాత కాలంలో లాగా మాఫీలు చెప్పుకున్నాం.

జెద్దాలో దిగగానే అబ్బా ఫోన్ చేశారు. "ఎంతసేపు పట్టింది అబ్బా?" అని అడిగాను.

"ఐదు గంటల నలభై నిమిషాలు" అన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఆ రోజు కూడా ఇంతే ఉండె బేటా."

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి లెక్క ఒకటి ఉండే ఉంటుంది. దాదా హజ్ పాసు, నానీ టీకా కాగితం, హెచ్‌ఏ నోటు, గల్ఫ్ నుంచి వచ్చిన క్యాసెట్, అందాల్సిన రోజుకు అందని టెలిగ్రామ్. పాత సామానని వాటిని పారేయకండి. పెద్దవాళ్ళు ఉండగానే పక్కన కూర్చుని అడగండి: ఎప్పుడు బయల్దేరారు, ఎక్కడ ఆగారు, ఎవరు ఆపారు, ఎన్ని రోజులు పట్టింది. తేదీలతో రాసి పెట్టండి. 4,100 కిలోమీటర్లని ఏ పటమైనా చెబుతుంది. 13 రోజులని చెప్పాల్సింది మనమే.